కార్ఖానా మూతబడితే జాగా ఎవరిది?

(వాడ మీటింగులో చేసిన ప్రసంగం)



అంబాసిడర్ కారు మనందరికీ ఎరుకే. ఓట్లప్పుడు మంత్రి, కరువొస్తే కలెక్టరు ఆ తెల్లకారులోనే మన ఊరికి వచ్చేవాళ్లు. దాని వెనక దుమ్ములో ఉరికిన పిల్లలం మేము. ఆ కారు కలకత్తా దగ్గర ఉత్తరపారలో, హిందుస్థాన్ మోటార్స్ కార్ఖానాలో తయారయ్యేది. ఆడ రైల్వే స్టేషను పేరు కూడా హింద్ మోటారే.

కొత్త కంపెనీల కార్లు దిగినయి, అంబాసిడర్ అమ్మకాలు పడిపోయినయి. 2007లో ఆ ఆవరణలోని 314 ఎకరాలను ఇండ్లు కట్టే కంపెనీకి అమ్మిండ్రు. కార్ఖానాను నిలబెట్టడానికే అన్నరు. నిలబడలేదు. 2014 మే 24న పని బందు అని నోటీసు పెట్టిండ్రు. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సు కంపెనీ ప్యుజోకు 80 కోట్లకు అమ్మిండ్రు. పరిశ్రమ కోసం ఉంచిన భూమి ఖాళీగా పడి ఉందని, మిగిలినదాంట్లో 395 ఎకరాలను బెంగాల్ సర్కారు వెనక్కి తీసుకుంది. 2025లో కలకత్తా హైకోర్టు అది సరేనంది.

చూసిండ్రా? భూమికి ధర పలికింది. పేరుకు ధర పలికింది. ఇనుము వంచిన చేతులకు ఏం పలికింది?

బెంగాల్ ముచ్చట మనకెందుకు అంటరేమో. చిన్న కమతాల జబ్బుకు మందు పరిశ్రమలేనని బాబాసాహెబ్ 1918లోనే రాసిండు. భూమి లేని మనకు కార్ఖానా గేటు అంటే దొర పొలం నుంచి బయటపడే తొవ్వ. ఆ గేటు మూసి అపార్టుమెంట్లు లేపితే, ఇటుకలు మోసేది మనమే. కట్టినంక గేటు బయట కర్ర పట్టుకొని నిలబడేదీ మనమే.

పాత జాగాలో కొత్తది కట్టొద్దని మేము అనడం లేదు. ముందు కార్మికుల బాకీలు తీర్చాలె. కొత్త పనుల్లో వాళ్లకూ వాళ్ల పిల్లలకూ మొదటి వంతు ఇవ్వాలె. అమ్మిన సొమ్ము లెక్క అందరి ముందు పెట్టాలె.

ఇంకొక మాట. కంపెనీల పేరు మీద ముందుగా అడిగేది మన అసైన్డు భూములనే. 5 ఏండ్లు వాడని భూమి పాత యజమానికి గానీ, సర్కారు ల్యాండ్ బ్యాంకుకు గానీ పోవాలని 2013 కేంద్ర భూసేకరణ చట్టం 101వ సెక్షన్ చెప్తది. ఆ "గానీ" దగ్గరే మన బతుకు ఆగిపోతది. అందుకే కంపెనీ వచ్చే రోజే, సంతకం పెట్టకముందే, గ్రామసభలో నిలబడి అడుగుదాం: మూతబడితే జాగా ఎవరిది? జవాబు కాగితం మీద రాయించుకుందాం.

జై భీమ్!