వీసా వచ్చిన తరువాత

తిరువూరు ప్రాంతమున నున్న నెమలి గ్రామములో వేణుగోపాలస్వామివారికి మ్రొక్కుకొను తలిదండ్రుల కోరికలలో కుమారుని అమెరికా వీసాయు నొకటి యైనచో ఆశ్చర్యపడ నక్కరలేదు. హైదరాబాదు చెంత చిలుకూరు బాలాజీకి 'వీసా బాలాజీ' యను పేరే స్థిరపడినది. అక్కడ కోరుకొనునపుడు 11 ప్రదక్షిణములు, కోర్కె తీరిన పిదప 108. మ్రొక్కులను మేము తప్పుపట్టము. కాని ఆ వీసా ఏమి యిచ్చునో, ఏమి యియ్యదో ఇంటి పెద్దలు ఎరిగియుండుట మంచిది.

సాంకేతిక నిపుణులు పొందు హెచ్-1బి వీసా 1990 నాటి అమెరికా శాసనమువలన ఏర్పడినది. ఏటికి 65,000, అక్కడి విద్యాలయములలో ఎం.ఎస్. వంటి పై పట్టము పొందినవారికి మరి 20,000. 2001 మొదలు 2003 వరకు ఈ మితి 1,95,000 ఉండెను. కావున ఆనాడు వెళ్ళినవారితో నేటి పిల్లలను పోల్చుట న్యాయము కాదు. అర్జీలు మితిని మించినపుడు చీట్లు తీయుదురు. ఎంత తెలివిగలవానికైనను చీటి రాకపోవచ్చును.

అర్జీ పెట్టునది పిల్లవాడు కాదు, పని యిచ్చు కంపెనీ. అనుమతి ఆ కొలువుతో ముడిపడి యుండును. మొదట మూడేండ్లు, పొడిగించినచో సాధారణముగా ఆరేండ్లు. కొలువు పోయినచో 60 దినములకు మించని గడువులో మరియొక కంపెనీచేత అర్జీ పెట్టించుకొనవలెను, వేరు అనుమతి కోరవలెను, లేదా దేశము విడువవలెను. "పని ఎట్లున్నది నాయనా?" అని ఫోనులో తల్లి అడిగినపుడు కుమారుడు మాట మార్చుటకు ఒక్కొక్కప్పుడు ఇదియే కారణము.

మనవారిలో 'బెంచి' యను మాట యొకటి వాడుకలో నున్నది. వీసా తెప్పించిన కంపెనీ పని దొరకువరకు మనిషిని ఊరక కూర్చుండబెట్టును. ఆ దినములకు జీతముండదని దళారులు చెప్పుదురు. అది శుద్ధ అబద్ధము. కొలువున చేరిన పిమ్మట పని చూపలేకపోవుట కంపెనీ లోపమైనచో జీతమిచ్చి తీరవలెనని 1998 నాటి చట్టము. కంపెనీ కట్టవలసిన శిక్షణ రుసుమును పనివానిచేత కట్టించుటయు నిషిద్ధమే. పొలము తాకట్టుపెట్టి ఎవరి చేతనో లక్షలు పోయుటకు ముందు ఈ రెండు సంగతులును జ్ఞప్తియందుంచుకొనవలెను.

2025 సెప్టెంబరు 21 మొదలు, వెలుపలినుండి వచ్చువారికై పెట్టు క్రొత్త అర్జీకి 1,00,000 డాలర్లు చెల్లించవలెనని అమెరికా అధ్యక్షుడు ప్రకటన చేసెను. ఆ తరువాత ఎవరైన దళారి "అదంతయు మేము చూచుకొందుము" అనినచో, ఎవరి సొమ్ముతో అని అడుగుట ఉచితము.

శాశ్వత నివాసము మరియొక సంగతి. కొలువునుబట్టి యిచ్చు ఆ అనుమతులలో ఏ దేశమువారికిని సామాన్యముగా నూటికి 7 మించి యియ్యరాదను నియమము కలదు. మనదేశపు అర్జీలు మిక్కుటము. అందుచేత బిడ్డలు అక్కడ పుట్టి బడికి పోవుచున్నను, తండ్రి మాత్రము ఏండ్ల తరబడి కొలువును పట్టుకొనియే యుండవలసి వచ్చుచున్నది.

కంపెనీ అమెరికా కార్మికశాఖకు సమర్పించు పత్రములో పనిచోటు, జీతము ఉండును. పనిలో చేరునాటికి దాని నకలు పనివానికి ఇచ్చి తీరవలెను. బయలుదేరుటకు ముందే దానిని తెప్పించి, ఒక ప్రతి ఇంటిలో ఉంచుకొనుడు. ఇచ్చుటకు కంపెనీ వెనుకాడినచో, విమానపు టిక్కెట్టు కొనుట నాలుగు దినములు ఆపవచ్చును.