ఆబోతు, పండ్ల ఈగ, మన రిజిస్టర్లు
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నన్ను కార్యదర్శిగారు ఏదైనా విజ్ఞాన విషయం చెప్పమన్నారు. నేను సైంటిస్టును కాను. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అందులో తొలి ఆరేళ్లు ఒక పశుసంవర్ధక కార్యాలయంలో గడిచాయి. ఆనాటి నా తప్పు ఒకటి చెప్పుకోవడానికి ఒక శాస్త్రవేత్త కథను ఆసరా చేసుకుంటున్నాను.

ఆయన పేరు అలన్ రాబర్ట్‌సన్. 1920లో ఇంగ్లండులోని ప్రెస్టన్‌లో పుట్టారు. కేంబ్రిడ్జిలో చదివింది రసాయన శాస్త్రం. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళానికి లెక్కలు కట్టే విభాగంలో పనిచేశారు. యుద్ధం ముగిశాక స్కాట్లండులోని ఎడింబరోలో పశువుల జన్యుశాస్త్రంలో స్థిరపడిపోయారు. 1964లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1989లో కాలం చేశారు.

ఆయన ముందున్న చిక్కు ఇది. ఆబోతు పాలివ్వదు. మరి ఏ ఆబోతుకు మంచి పాడి సంతానం కలుగుతుందో చెప్పడమెలా? దాని కూతుళ్ల పాలు చూడాలి. అయితే ఒక కూతురు పచ్చిమేత, దాణా దండిగా ఉన్న ఆసామి కొట్టంలో ఉంటుంది. ఇంకొకటి ఎండుగడ్డికి కూడా కరువైన ఇంట ఉంటుంది. మొదటిది ఎక్కువ పాలిస్తే ఆ గొప్ప తండ్రిదా, దాణాదా?

కృత్రిమ గర్భధారణ వచ్చి, ఒకే ఆబోతు కూతుళ్లు అనేక మందల్లోకి చేరాక దీనికి మార్గం దొరికింది. రాబర్ట్‌సన్, ఆయన సహచరుడు రెండెల్ 1950లలో రూపొందించిన పద్ధతిలో, తొలి ఈత ఆవును అదే మందలో, అదే ఏట ఈనిన ఇతర ఆబోతుల కూతుళ్లతోనే పోలుస్తారు. కూతుళ్ల సంఖ్య తక్కువైతే, వచ్చిన ఫలితాన్ని పూర్తిగా నమ్మకుండా సగటు వైపుకు తగ్గిస్తారు.

ఇక ఈగల సంగతి. ఆవుల్లో తరం మారాలంటే ఏళ్లు పడుతుంది. మగ్గిన అరటిపండు మీద మూగే చిన్న ఈగకు పది పన్నెండు రోజులు చాలు. అందుకని పశువులకు చెప్పే సిద్ధాంతాన్ని ఆయన బృందం సీసాల్లో పెంచిన ఈగల మీద సరిచూసింది. ఈగ పొట్ట మీది సన్నని వెంట్రుకలు లెక్కపెట్టి, ఎక్కువున్నవాటినే సంతానానికి ఎంచుకుంటూ పోయారు. 1957లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మొదటి కొన్ని తరాలు దాదాపు లెక్క చెప్పినట్టే నడిచాయి. ఆ తరువాత ఒక్కో వరుస ఒక్కో దారి పట్టింది. 1960లో ఆయన మరో సంగతి లెక్కగట్టి చూపారు. మరీ కొద్దివాటినే ఎంచుకుంటే మొదట లాభం త్వరగా కనిపిస్తుంది గాని, చివరికి అందే హద్దు తగ్గిపోతుంది. సంఖ్య బాగా తగ్గిన మన పుంగనూరు ఆవుల వంటి జాతులను పెంచేవారు మరవకూడని మాట ఇది.

ఇప్పుడు నా తప్పు. గ్రామాల నుంచి మాకు పాల దిగుబడి కాగితాలు వచ్చేవి. కొన్ని కాలములు ఖాళీగా ఉండేవి. ఖాళీతో స్టేట్‌మెంటు పంపితే మెమో వస్తుంది. అందుచేత పోయిన నెల అంకెనే కాస్త అటూ ఇటూ మార్చి నింపేవాణ్ణి. ఎవరి డబ్బూ తినలేదు, ఆడిట్‌లో అభ్యంతరమూ రాలేదు. ఒకనాడు ఒక రైతు ఏదో సర్టిఫికెట్టు కోసం వచ్చి రిజిస్టరు చూపించమన్నాడు. ఆయన ఆవు చచ్చిపోయి అప్పటికి రెండు నెలలు. నా రిజిస్టరులో అది ఇంకా పాలిస్తూనే ఉంది. “అయ్యా, చచ్చిన గొడ్డుకు పాలెక్కడివండీ?” అన్నాడు. నేను తలెత్తలేకపోయాను. పై అధికారికి మాత్రం చెప్పలేదు.

పశువైద్యం చదువుతున్న మా మనుమరాలు ఈ రాబర్ట్‌సన్ పద్ధతి నాకు వివరించినప్పుడు ఆ సంగతి చెప్పేశాను. “తాతయ్యా, ఖాళీగా వదిలితే లెక్కలో ఒక కూతురు తగ్గేది, అంతే. నువ్వు నింపినందువల్ల తండ్రికి లేని గుణం అంటగట్టినట్టయింది” అంది. యాభై ఏళ్ల కిందటి అంకెలు ఇప్పుడు దిద్దలేను.

వచ్చే నెల మన సంఘం సభ్యుల వివరాల ఫారాలు పంచుతోంది. తెలియనిచోట దయచేసి “తెలియదు” అనే రాయండి. ఫారాలు సరిచూసే పని నాకే అప్పగించారు. ఏ ఖాళీనీ నేను నింపనని మీ అందరి ఎదుట మాట ఇస్తున్నాను.