కాగితం గులాబీల నుంచి వెదురు నక్షత్రం దాకా



డిసెంబరు వచ్చిందంటే బజారులో నక్షత్రాలు వేలాడతాయి. ప్లాస్టిక్ చెట్లు, మెరుపు దండలు, రంగు బంతులు, దూది గడ్డం తాతలు దుకాణాల ముందు కుప్పలు పడతాయి. ఇవన్నీ కొంటేనే క్రిస్మస్ అన్నట్టు తయారైంది వ్యవహారం. కానీ వీటిలో కొన్నిటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వి చూస్తే, అవి ఏ పేదవాళ్ల ఇంట్లోనో, ఏ బడిగదిలోనో తేలుతాయి. చేతిలో డబ్బు లేనివాళ్లు అందిన గడ్డితోనూ కాగితంతోనూ చేసుకున్నవే తరవాత సరుకులయ్యాయి. ఆ కథే ఈ పూట చెప్పుకుందాం.

ఇటలీలో గ్రెచ్చో అని ఒక కొండ ఊరు ఉంది. 1223లో క్రిస్మస్ రాత్రి అస్సీసీ ఫ్రాన్సిస్ అక్కడ ఒక పశువుల తొట్టి పెట్టించి, గడ్డి పరిపించి, ఎద్దునూ గాడిదనూ తెచ్చి నిలబెట్టించాడు. యేసు ఎంత లేమిలో పుట్టాడో ఊరివాళ్లు కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక. పట్టు తెరలూ బంగారు విగ్రహాలూ ఉంటే ఆ సంగతి అర్థం కాదు కదా! ఇవాళ మన చర్చిల ఆవరణలో, ఇళ్ల వసారాల్లో ఎండుగడ్డి కప్పి వేసే పశువుల పాక ఆ ఆనవాయితీలోదే.

ఇక చెట్టు సంగతి. 1605లో స్ట్రాస్‌బర్గ్ నగరాన్ని చూసిన ఒక యాత్రికుడు అక్కడి ఇళ్లలో క్రిస్మస్‌కు ఫర్ చెట్లు నిలబెడతారని రాసిపెట్టాడు. కొమ్మలకు ఏం కట్టేవారో కూడా చెప్పాడు: రంగు రంగుల కాగితాలు కత్తిరించి చేసిన గులాబీలు, యాపిల్ పళ్లు, పల్చటి అప్పచ్చులు, బంగారు రేకు, చక్కెర మిఠాయిలు. బంగారు రేకు ఒక్కటి పక్కన పెడితే, మిగిలినవన్నీ వంటింట్లోంచీ కత్తెర కిందనుంచీ వచ్చినవే. యాపిల్ అక్కడికి ఎలా చేరిందంటారా? డిసెంబరు 24 ఆదాము హవ్వల దినం. ఆ రోజు ఏదెను తోట కథను నాటకంగా ఆడేవారు. నాటకానికి పండ్లున్న చెట్టు కావాలి. వేదిక మీది ఆ చెట్టు మెల్లగా ఇళ్లలోకి నడిచింది.

యాపిల్ పండు గాజు బంతిగా మారిన చోటు జర్మనీలో తురింగియా అడవుల్లో ఉన్న లౌషా అనే పల్లె. యాపిళ్లు కొనే స్తోమత లేని గాజు పనివాడొకడు గాజుతోనే పండ్లు ఊదుకున్నాడని ఆ ఊళ్లో కథగా చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా, 1848 నాటి ఒక ఆర్డరు పుస్తకంలో ఆరు డజన్ల క్రిస్మస్ బంతుల పద్దు ఉంది. పని జరిగేది ఇళ్లలోనే. తండ్రి దీపపు మంట మీద గాజు గొట్టం కాచి బంతి ఊదేవాడు. తల్లి లోపల వెండి ద్రావణం పోసి, అటూ ఇటూ తిప్పి అద్దంలా మెరిపించేది. పిల్లలు రంగులో ముంచి ఆరబెట్టి, మూతలు బిగించేవారు. 1880లో అమెరికా వ్యాపారి ఎఫ్. డబ్ల్యూ. వూల్‌వర్త్ సందేహిస్తూనే కాస్త సరుకు తెప్పించి లాంకాస్టర్ పట్నంలో అమ్మకానికి పెట్టాడు. చూస్తుండగానే అమ్ముడుపోయింది. అక్కడినుంచి ఆ బంతుల వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. లౌషాలో మాత్రం పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా బల్లల దగ్గరే ఉన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు నక్షత్రం. జర్మనీలోనే సాక్సనీ ప్రాంతంలో హెర్న్‌హూట్, నీస్కీ అని రెండు ఊళ్లున్నాయి. మొరేవియన్ అనే క్రైస్తవ సమాజం వాళ్లు స్థిరపడిన ఊళ్లవి. వాళ్లలో చాలామంది గ్రీన్‌లాండ్, సురినామ్, దక్షిణాఫ్రికా లాంటి దూరదేశాలకు మిషనరీలుగా వెళ్లేవారు. పసిపిల్లల్ని మాత్రం బోర్డింగు బడిలో వదిలి వెళ్లేవారు. క్రిస్మస్ వచ్చినా అమ్మానాన్నలు రారు. అలాంటి నీస్కీ బడిలో, పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో, లెక్కల పంతులు ఒకాయన జ్యామితి పాఠంగా పిల్లల చేత కాగితం నక్షత్రాలు చేయించాడు. పాఠం చెప్పడానికి మొదలెట్టిన పని పండుగ ఆచారమైపోయింది. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలం ఉంటుంది. అందులో మొదటి ఆదివారం పిల్లలు నక్షత్రాలు చేసి తమ గదుల్లో వేలాడదీసుకునేవారు.

ఆ నక్షత్రం కొలతలు వింటే పాఠం ఎంత గట్టిదో తెలుస్తుంది. నడుమ ఒక ఘనరూపం. దానికి 18 చదరపు ముఖాలు, 8 త్రిభుజపు ముఖాలు, మొత్తం 26. చదరపు ముఖాల్లో ఒకటి దీపం పెట్టడానికీ వేలాడదీయడానికీ వదిలేస్తారు. మిగతా 25 ముఖాల మీద ఒక్కోదానికీ కాగితం మడిచి చేసిన కోసు అతికిస్తారు. 17 కోసులు నాలుగు పలకలవి, 8 కోసులు మూడు పలకలవి. కోణం ఒక్కచోట తప్పితే పక్క కోసు కూర్చోదు. 1890ల చివర్లో హెర్న్‌హూట్‌లో పుస్తకాలమ్మే పీటర్ వెర్బేక్ కోసులను సులువుగా బిగించుకునేలా లోహపు చట్రం తయారుచేసి అమ్మకం మొదలుపెట్టాడు. ఇవాళ లోకమంతా ఎరిగిన హెర్న్‌హూట్ నక్షత్రం అదే.

బడికీ పండుగకూ పడిన ఈ ముడి అక్కడితో ఆగలేదు. కిండర్‌గార్టెన్ చదువును మొదలుపెట్టిన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ పిల్లల చేత కాగితం మడిపించడం, చాప అల్లినట్టు కాగితపు పట్టీలు అల్లించడం చదువులో భాగం చేశాడు. డెన్మార్క్‌లో రెండు రంగుల కాగితాలు ఒకదానిలో ఒకటి అల్లి హృదయాకారపు బుట్టలు చేసి, లోపల మిఠాయిలు పోసి చెట్టుకు కడతారు. ఇప్పటికి నిలిచివున్న వాటిలో అతి పాతది 1860 ప్రాంతంలో పిల్లల కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ చేతులతో చేసినది. లోకం మెచ్చిన రచయిత కత్తెర పట్టుకుని కూర్చోవడం నామోషీ అనుకోలేదు.

బహుమతుల చరిత్ర కూడా ఇదే దారిలో నడిచింది. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు బడి పిల్లలు క్రిస్మస్‌కు అమ్మానాన్నలకు ఇచ్చే బహుమతి ఏమిటో తెలుసా? చేతిరాత! అంచులకు బొమ్మలు అచ్చువేసిన పెద్ద కాగితం కొని, నడుమ ఖాళీలో తమ దస్తూరీ అంతా ఒలకబోసి నాలుగు మంచి మాటలు రాసి ఇచ్చేవారు. ఏడాది పాటు ఏం నేర్చుకున్నారో ఇంట్లోవాళ్లకు అలా తెలిసేది. 1843లో హెన్రీ కోల్ అనే అధికారికి అందరికీ ఉత్తరాలు రాసే తీరిక లేకపోయింది. జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుడి చేత బొమ్మ వేయించి కార్డులు అచ్చేయించాడు. అమ్మకానికి పెట్టిన మొదటి క్రిస్మస్ కార్డు అదే. ధర ఒక షిల్లింగు, ఇంచుమించు పొలం కూలివాడి రోజు కూలి. కనుక మామూలు ఇళ్లలో చేతిరాతే చాలాకాలం నడిచింది.

కొనగల స్తోమత ఉన్నా సరుకు దొరకని కాలమూ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో 1941 జూన్ నుంచి బట్టలకు రేషను పెట్టారు. కాగితం కరువై, కొన్న వస్తువులకు దుకాణాల్లో కాగితం చుట్టివ్వడం మీద ఆంక్షలు వచ్చాయి. జనం పాత వార్తాపత్రికలకు రంగు పూసి, పట్టీలుగా కత్తిరించి గొలుసులు అతికించారు. పాత స్వెటర్లు విప్పి ఆ ఊలుతోనే పిల్లలకు టోపీలూ చేతితొడుగులూ అల్లారు. చెక్కముక్కలు బొమ్మ రైళ్లయ్యాయి. ఉన్నదాన్నే బాగుచేసుకుని వాడుకోండని ప్రభుత్వమే పుస్తకాలు వేసి ప్రచారం చేసింది.

తూర్పున ఫిలిప్పీన్స్‌లో వెదురు బద్దలు కట్టి, పల్చటి కాగితం అతికించి నక్షత్ర దీపాలు చేస్తారు. వాటిని పరోల్ అంటారు. అక్కడ డిసెంబరు 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారకముందే చర్చికి వెళ్లే ఆచారం ఉంది. చీకట్లో దారి చూపడానికి తీసుకెళ్లిన దీపాలు పండుగ గుర్తులయ్యాయి. ఆ దీపం కట్టే పద్ధతి వింటే మన శ్రోతలకు ఎక్కడో విన్నట్టే, చూసినట్టే ఉంటుంది.

ఎందుకంటే మన తెలుగు ఊళ్లలోనూ నక్షత్రం కట్టేది వెదురుతోనే. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్లు, 1836లో అమెరికన్ బాప్టిస్టులు, 1842లో గుంటూరులో లూథరన్ మిషనరీ హేయర్ క్రైస్తవ ప్రచారం మొదలుపెట్టారు. 1876 నుంచి 78 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసిన కరువు తరవాత, ఒంగోలు చుట్టుపక్కల వేలమంది క్రైస్తవులయ్యారు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల్లోని కూలీలు. ఫర్ చెట్లు మన నేలలో లేవు, గాజు బంతులు కొనే రొక్కమూ లేదు. అందుకని పండుగను చుట్టూ ఉన్నవాటితోనే కట్టుకున్నారు. పెళ్లి పందిరికి కట్టే కొబ్బరాకులు, మామిడి తోరణాలు, అరటి బోదెలు చర్చి గుమ్మానికీ వచ్చాయి. గోడకు సున్నం, వాకిట్లో ముగ్గు. కోస్తాలో సరుగుడు కొమ్మ నరికి తెచ్చి, ఇసుక పోసిన డబ్బాలో పాతి, మంచుకు బదులు దూది పింజలు అంటిస్తే అదే క్రిస్మస్ చెట్టు. సీమ చెట్టు సూదులాకులకూ సరుగుడు ఆకులకూ ఉన్న పోలిక చాలింది.

ఇంతవరకూ చెప్పింది సంబరం. ఇందాక లౌషా పిల్లల సంగతి గుర్తుంచుకోమన్నాను. ఇంట్లో చేసిన వస్తువు అన్నప్పుడు రెండు రకాల ఇళ్లున్నాయి. ఒకటి మన కోసం మనం చేసుకునే ఇల్లు. రెండోది ఎవరి పండుగ కోసమో చాలీచాలని కూలికి చేసిపెట్టే ఇల్లు. ఈ రెండోదానికి మనకు దగ్గరి ఉదాహరణ నర్సాపురం. 1840లలో మెక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతులు అక్కడి పేద స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. కొక్కెం సూదితో దారం పువ్వులుగా తిరిగే ఆ పని గోదావరి డెల్టా పల్లెల్లో వేల ఇళ్లకు పాకింది, ఆ లేసు విదేశాలకు ఎగుమతి అయింది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ ఆ స్త్రీల మీద 1982లో ఒక పుస్తకం ప్రకటించింది. ప్రపంచ మార్కెట్టుకు పనిచేసే వాళ్లను తీరిక వేళ కాలక్షేపం చేసే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె తేల్చింది. దుకాణంలో చవకగా దొరికిందంటే, ఆ తేడా ఎక్కడో ఎవరో భరిస్తున్నారన్నమాట.

అందుకే నా అభిప్రాయం ఇది. చవక పండుగ కావాలంటే చవక సరుకు కొనడం దారి కాదు. మన చేతులతో చేసుకోవడమే దారి.

చేయడం ఎలాగో నక్షత్రంతోనే చెబుతాను. ఒకే పొడవున్న వెదురు బద్దలు పది తీసుకోండి. గుచ్చుకోకుండా చాకుతో నున్నగా గీకండి. ఐదింటిని ఒకదాని మీదుగా ఒకటి పోనిచ్చి ఐదు మూలల చుక్కగా పురికొసతో కట్టండి. మిగతా ఐదింటితో అలాంటిదే మరొకటి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఐదు కొసలూ కలిపి బిగించండి. ఇప్పుడు నడుమ, బద్దలు ఒకదాన్నొకటి దాటే ఐదు చోట్ల, జానెడు కన్నా పొట్టి పుల్లలు అడ్డంగా దూర్చితే నక్షత్రం పొట్ట ఉబ్బుతుంది. మైదా ఉడికించిన జిగురుతో గాలిపటాల కాగితం అతికించి, ఒకవైపు చెయ్యి పట్టేంత సందు వదలండి. ఆ సందులోంచి లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. కొవ్వొత్తి మాత్రం వద్దు. వేడెక్కే పాత బల్బూ వద్దు. కాగితం, వెదురు రెండూ ఇట్టే అంటుకుంటాయి.

బహుమతులకూ ఇంట్లోనే వెతకండి. ఈ రుతువులో ఉసిరికాయలు, పచ్చి చింతకాయలు చవక. చిన్న సీసాడు ఉసిరికాయ పచ్చడి, పొట్లం నిండా గులాబీ పువ్వుల పిండివంట, నాలుగు అరిసెలు ఎవరికిచ్చినా సంతోషిస్తారు. మెత్తబడిన నేత చీర చేతిసంచి అవుతుంది. నిరుటి నోటు పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు కుట్టి అట్ట వేస్తే పిల్లలకు బొమ్మల పుస్తకం. కార్డుకు బదులు పిల్లల చేత సొంత దస్తూరీతో నాలుగు వాక్యాలు రాయించి అమ్మమ్మ తాతయ్యలకు పంపండి.

బజారుకు బయలుదేరే ముందు ఒక్క సాయంత్రం పిల్లలతో కలిసి కత్తెర, జిగురు ముందేసుకుని కూర్చోండి. ఒకవేళ చేతిపని వస్తువు కొనవలసివస్తే, బేరమాడకుండా, చేసిన మనిషికి గిట్టుబాటయ్యే ధర ఇచ్చి కొనండి.