మానని పుండును తేలిగ్గా తీసుకోవద్దు

(కుసుమంచి వార్షిక సభలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



2021 మే నెలను మనలో ఎవరమూ మరచిపోలేదు. కోవిడ్ నుంచి గట్టెక్కామనుకున్నవారిని బ్లాక్ ఫంగస్ పట్టుకుంది. ఆ నెల 20న తెలంగాణ ప్రభుత్వం ప్రతి కేసునూ తప్పనిసరిగా తెలియజేయాలని ప్రకటించింది. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి చికిత్సకు ప్రధాన కేంద్రమైంది. ఆ ఫంగస్ కొత్తగా పుట్టింది కాదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఎప్పుడూ ఉండేదే. అదుపు తప్పిన షుగరు, మితిమీరిన స్టెరాయిడ్లు ఒంట్లో శక్తిని తగ్గించడంతో దానికి దారి దొరికింది.

ఆ గండం గడిచింది గానీ ఆ దారి మూసుకుపోలేదు. షుగరు ఉన్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, క్యాన్సర్ మందులు వాడేవారు, కీళ్లవాతానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు మింగేవారు మన ఊళ్లలోనూ ఉంటారు. మనది వరి, పత్తి, మిరప పండే నేల. చేలో ముల్లో పుల్లో గుచ్చుకుంటే దాంతోపాటు మట్టిలోని ఫంగస్ చర్మం లోపలికి పోవచ్చు. మొదట చిన్న గడ్డ. నొప్పి కూడా ఉండకపోవచ్చు. తర్వాత పుండవుతుంది. యాంటీబయాటిక్ మాత్రలకు తగ్గదు. అవి బ్యాక్టీరియాకు మందు, ఫంగస్‌కు కాదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి లోతైన ఫంగస్ జబ్బులను నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. వీటి బారిన ఎక్కువగా పడేది మట్టిలో పనిచేసే పేదలే.

ఈ జబ్బును తేల్చాలంటే పుండు నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి. ఫలితానికి వారాలు పట్టవచ్చు. ఆపైన నెలల తరబడి మాత్రలు వాడాలి. పుండు ఆరినట్టు కనబడగానే, డబ్బు లేక, మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

దాతలకు నా విన్నపం ఇదే. ఆపరేషన్ అంటే అందరం ముందుకొస్తాం. పరీక్ష ఖర్చు, హైదరాబాద్ బస్సు ఛార్జీ, ఆరు నెలల మాత్రలు అడగడానికి మాత్రం పేదవాడు సిగ్గుపడతాడు. మీ జకాత్‌లో, సదఖాలో కొంత వీటికి కేటాయించండి. చేయి పట్టిన రోగిని చివరి మాత్ర దాకా వదలవద్దు.

ఇంట్లో పాటించవలసినవి నాలుగు మాటల్లో చెబుతాను. వుజూ చేసుకున్నాక కాలివేళ్ల మధ్య తడి తుడుచుకోండి. చెప్పుల్లేకుండా పొలంలో దిగకండి. తామరకు దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము పూయకండి. అది దురద తగ్గించి తామరను పెంచుతుంది. కిడ్నీ మార్పిడి అయినవారు ఫంగస్ మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు. వాటిలో కొన్ని, మీరు వాడే మందు రక్తంలో ప్రమాదకరంగా పెరిగేలా చేస్తాయి.

రెండు వారాలైనా మానని పుండును డాక్టరుకు చూపించండి. నల్లబడుతున్న పుండైతే అదే రోజు వెళ్లండి. ఆ రోజు బండి కిరాయికి డబ్బు లేదన్న మాట మన ఊళ్లో వినబడకూడదు.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.