‘ఎంతసేపు?’ అని అడిగే పిల్లవాడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నచ్చిన పుస్తకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇంతమంది మాస్టార్లున్న సభ కాబట్టి, ఒక బడిపిల్లవాడు చెప్పే కథనే ఎంచుకున్నాను.

మార్క్ హాడన్ అనే ఆంగ్ల రచయిత నవల ‘ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్-టైమ్’, 2003లో వచ్చింది. కథ చెప్పేది క్రిస్టఫర్ బూన్. వయసు 15, ఊరు స్విండన్. ఎదురింటావిడ కుక్కను ఎవరో చంపేస్తారు. హంతకుడెవరో తేల్చాలని ఇతను బయలుదేరతాడు. అధ్యాయాలకు 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలే వేస్తాడు. అతని స్థితికి రచయిత కథలో పేరు పెట్టలేదు గానీ, చదివేవాళ్లకు ఆటిజం అని తెలిసిపోతుంది. ఎవరైనా ముట్టుకుంటే ఓర్చుకోలేడు. ముఖం చూసి మనసు పోల్చుకోలేడు.

నన్ను పట్టుకున్న చోటు ఒకటుంది. పెద్దవాళ్లు ‘మాట్లాడకు’ అంటారే గాని, ఎంతసేపు మాట్లాడకూడదో చెప్పరంటాడు! మన బడిలో ఆ ప్రశ్న అడిగినవాడికి బెంచీ ఎక్కడమే జవాబు. క్రిస్టఫర్‌కి షివాన్ అనే టీచరుంది. ఏదైనా వద్దంటే, సరిగ్గా ఏది వద్దో విడమరిచి చెబుతుంది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజమూ ఉంది. తరగతి గదిలో మాత్రం ఆ పిల్లలకు ఇంకా ‘మొండిఘటం’ అనే పేరే వినిపిస్తుంటుంది.

ఒక ఫిర్యాదు కూడా ఉంది నాకు. క్రిస్టఫర్ లెక్కల్లో దిట్ట. ఆటిజం ఉన్న ప్రతి పిల్లవాడూ అలా ఉండడు. లెక్కలు రాని పిల్లవాడికీ షివాన్ కావాలి కదా!

కుక్కను చంపిందెవరో నేను చెప్పను. తండ్రి ఆ పిల్లవాడితో చాలా పెద్ద అబద్ధం ఆడాడని మాత్రం చెబుతాను. అదే తండ్రి, కొడుకు ఏ-లెవెల్ లెక్కల పరీక్ష రాయాలని హెడ్‌మిస్ట్రెస్‌తో పోట్లాడతాడు. ఒకరికి వేరే ఏర్పాటు చేస్తే అందరూ అడుగుతారంటుందావిడ. ఈ మాట మనకూ కొత్త కాదు! అయినా ఆయన పట్టు వదలడు. చివరికి ఒప్పుకోక తప్పదు ఆవిడకి.

పరీక్షలో తనకు బాగా నచ్చిన లెక్కను కథలో పెడతానంటాడు క్రిస్టఫర్. అందరూ లెక్కలు చదవరు, అనుబంధంలో వెయ్యమంటుంది షివాన్. అలాగే వేశాడు. లంబకోణ త్రిభుజం లెక్క అది. లెక్కల మాస్టారూ, ఆ పేజీలు జిరాక్స్ తీయించి తెచ్చాను, వెళ్లేముందు తీసుకోండి.