ఇద్దరి బండి మీద మూడో ప్రాణం



ఈ పూట రెండు సీట్ల బండి మీద చిన్నపిల్లలను ఎలా తీసుకువెళ్ళాలో మాట్లాడుకుందాం. రెండు సీట్ల బండి అనగానే కొందరికి స్పోర్ట్స్ కారు గుర్తుకు రావచ్చు. అందులో వెనక సీటు ఉండదు. ముందు సీటుకు ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. వెనక్కు తిరిగి ఉండే పసిపిల్లల సీటును దాని ముందు బిగిస్తే, ప్రమాదంలో ఆ సంచి విచ్చుకునే దెబ్బే బిడ్డ ప్రాణం తీయవచ్చు. కాబట్టి దాన్ని ఆపివేసే వీలున్న కారులోనే అలాంటి సీటు పెట్టాలి. ఇక ఆ కారు సంగతి చాలు. మన విడీ ఘర్కుల్‌లో రెండు సీట్ల బండి అంటే మోటార్ సైకిల్, స్కూటర్. దాని మీద వెళ్ళేది మాత్రం ఒక్కోసారి నలుగురు.

పొద్దున్నే మన వీధుల్లో ఒకసారి చూడండి. తల్లి నిన్న చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పి ఆకు, తంబాకు తెచ్చుకోవాలి. తండ్రి మగ్గాల షెడ్డుకు పోవాలి. పిల్లలు బడికి చేరాలి. ఉన్నది ఒకటే బండి. ముందు చిన్నవాడు నిలబడతాడు, మధ్యలో పెద్దపిల్ల, వెనక తల్లి, ఆమె ఒడిలో బీడీల బుట్ట. హైదరాబాద్ రోడ్డు ఎక్కగానే పక్కన లారీలు. సోమరితనంతో ఎవరూ ఇలా వెళ్ళరని నాకు తెలుసు. ఆటోకు రోజూ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

అయినా ఒక లెక్క చెప్పనివ్వండి. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. ఆ వేగంతో వెళ్ళి గోడకు కొట్టుకోవడం, ఇరవై అడుగుల ఎత్తునుంచి కింద పడడం ఒకటే. మేడ మీద పిట్టగోడ దగ్గర బిడ్డను ఒక్క క్షణం కూడా వదలం కదా! బండి మీద అదే బిడ్డను ఒక చేత్తో పట్టుకుని కూర్చుంటాం. పది కిలోల బిడ్డ అయినా, బండి ఒక్కసారిగా ఆగినప్పుడు ఆ చేతి మీద వంద కిలోలకు పైగా బరువు పడుతుంది. ఏ తల్లి చెయ్యీ దాన్ని ఆపలేదు.

మా బడి గేటు దగ్గర ఒక తల్లి నాతో వాదించింది. "ముందర నిలబెట్టుకుంటే నా రెండు చేతుల నడుమనే ఉంటడు గదా, ఇంకేం భయం?" అంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ముందు నిలబడ్డ బిడ్డ ముఖం హ్యాండిల్ ఎత్తులో ఉంటుంది. బ్రేకు వేస్తే మొదట తగిలేది ఆ పళ్ళు, ఆ దవడ. తల్లి ఒళ్ళు వెనకనుంచి వచ్చి నొక్కుతుంది. ఇంకొకటి, పిల్లలకు ఎక్సిలరేటర్ తిప్పాలని మహా సరదా. ఇప్పటి కరెంటు స్కూటర్లు ఆన్‌లో ఉన్నా చప్పుడు చేయవు. కూరగాయల బండి దగ్గర ఆగినప్పుడు తాళం తీయకుండా దిగితే, ముందున్నవాడు తిప్పేస్తాడు. అందుకని ఆగితే ముందు తాళం, తరువాత బేరం.

మరి చట్టం ఏమంటుంది? 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం నడిపేవారు కాక ఒక్కరే కూర్చోవాలి. 2019 సవరణ ప్రకారం నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. చట్టంలో రాసిన జరిమానా వెయ్యి రూపాయలు, దానితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. తల్లిదండ్రుల నడుమ పిల్లవాడికి సడలింపు కావాలని 2023లో కేరళ నుంచి అడిగారు. కేంద్రం ఒప్పుకోలేదు. పేదవాడికి ఈ నియమం బరువే. కానీ రోడ్డు మన ఆదాయం అడగదు.

తొమ్మిది నెలలనుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు 2022 ఫిబ్రవరిలో ప్రత్యేక నియమం ప్రకటించి, ఏడాది తరువాత అమలులోకి తెచ్చారు. బిడ్డకు తలకు సరిపడే హెల్మెట్ ఉండాలి, సైకిల్ హెల్మెట్ అయినా సరే. బండి వేగం 40 దాటకూడదు. బిడ్డను నడిపేవారికి కలిపి ఉంచే పట్టీ ఉండాలి. దాన్నే సేఫ్టీ హార్నెస్ అంటారు. బిడ్డ చిన్న బనీనులాగా తొడుక్కుంటే, దాని పట్టీలు నడిపేవారి భుజాలకు తగులుకుంటాయి. ముప్పై కిలోల బరువు ఆపగలిగేలా ఉండాలని నియమం. చీర కొంగుతో కట్టుకుంటే చాలదా అంటారు. చాలదు. కొంగు ముడి జారుతుంది, జారిన కొస చక్రంలోకి పోతుంది. హార్నెస్ అయినా బండి పడిపోతే బిడ్డను పడకుండా ఆపదు. కునుకు తీసిన బిడ్డ పక్కకు జారిపోకుండా మాత్రం ఆపుతుంది. నేను చూసినంతలో పిల్లలు జారేది ఎక్కువగా నిద్రలోనే.

తొమ్మిది నెలల లోపు పసికందును బండి ఎక్కించకండి. మెడ నిలవని బిడ్డకు గుంతలో పడ్డ కుదుపే ఎక్కువ. టీకాల రోజున ఆటోకు ఇచ్చిన డబ్బు దండగ కాదు.

హెల్మెట్ కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర చూడండి. ఫుట్‌పాత్ మీద బొమ్మలు అంటించి అమ్మేవి టోపీలు, హెల్మెట్లు కావు. "పెరుగుతాడు కదా" అని చొక్కాలాగా పెద్ద సైజు తీసుకోవద్దు. గడ్డం కింద పట్టీలో ఒకటి రెండు వేళ్ళకంటే ఎక్కువ దూరకూడదు.

పిల్లల కాళ్ళ సంగతి అందరూ మరిచిపోతారు. సైకిల్ క్యారియర్ మీద కూర్చున్న పిల్లల మడమ చువ్వల్లో పడితే తోలు, కండ లేచి వస్తాయి, మానడానికి వారాలు పడుతుంది. చక్రానికి రెండు పక్కలా జాలీ కట్టించండి. మోటార్ సైకిల్‌కైతే కాళ్ళు పెట్టుకునే చోటు, పట్టుకునే కడ్డీ, వెనక చక్రానికి చీరగార్డు ఉండాలని నియమమే ఉంది. అందానికని దాన్ని ఊడదీయించే కుర్రవాళ్ళకు ఇంట్లో పెద్దలే చెప్పాలి. సైలెన్సర్ వైపు బిడ్డ కాలు వేలాడనివ్వకండి. చలికాలంలో మన సోలాపూర్ చద్దరు కప్పి తీసుకువెళతారు. కప్పండి, కొసలు మాత్రం లోపలికి దోపండి.

చెరుకు కాలంలో చీకటి పడ్డాక ఫ్యాక్టరీలకు పోయే ట్రాక్టర్ల వెనక ట్రాలీలకు ఒక్కోసారి దీపమే ఉండదు. గడ్డా జాతర కూడా ఆ చలిలోనే, జనవరిలో వస్తుంది. ఆ రాత్రులు పిల్లలతో బండి మానుకుని, ఇరుగుపొరుగు నాలుగిళ్ళవాళ్ళు కలిసి ఆటో మాట్లాడుకోండి. బడికైనా అంతే. ఇద్దరు పిల్లలుంటే రెండు విడతలుగా దింపండి. ఇంకో పావుగంట పడుతుంది. ఆ పావుగంట ఆలస్యంగా వచ్చిన పిల్లలను గేటు బయట నిలబెట్టవద్దని మా ఉపాధ్యాయులకు నేను చెబుతూనే ఉన్నాను.