మామ పాట, మేనల్లుడి మాట

అధ్యక్షులవారికి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి వచ్చిన నాటకాభిమానులకు నమస్కారం.

నటుడు బళ్లారి రాఘవగారి స్మారకోపన్యాసమంటే జీవితచరిత్ర ఏకరువు పెట్టాలని కాదు గదా. 1880లో తాడిపత్రిలో పుట్టారు, బళ్లారిలో పెద్ద వకీలయ్యారు, 1946లో పోయారు. మీకు తెలిసిందే. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. ఆయన పుట్టేనాటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో విడదీసేదాకా మీ మూడు ఊళ్లూ, తాడిపత్రీ బళ్లారి జిల్లాలోవే. బళ్లారి రాఘవతో మీకేం పని అని ఎవరన్నా అడిగితే ఈ మాట చెప్పండి.

నేను ఏళ్ల తరబడి పట్టుకు కూర్చున్నది ఆయన మేనమామ కాలం. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు బళ్లారిలో సరసవినోదిని సభ పెట్టి, చిత్రనళీయంతో మొదలుపెట్టారు. అంకాలు, రంగాలుగా విభజన, రాగాలు కట్టిన పాటలు ఆయన చలవే. విషాదసారంగధరను విషాదాంతం చేసి పండితులతో తిట్లు తిన్నారు. అదే ఊళ్లో మరో వకీలు కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమ సభ నడిపారు. ఒక్క ఊరు, ఇద్దరు వకీళ్లు, రెండు సభలు! మేనల్లుడు రాఘవకు మహాకీర్తి తెచ్చింది మాత్రం కోలాచలంవారి రామరాజు నాటకంలోని పఠాను రుస్తుం వేషం. ఆ రామరాజు ఓడిన తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఎక్కడికొచ్చిందో పెనుకొండవాళ్లకు నేను చెప్పాలా?

ఇక నా పాత తగువు. రాఘవగారి సహజనటన పాశ్చాత్యుల దగ్గర నేర్చిందని కొందరు పెద్దలు పుస్తకాల్లో రాసేశారు. ఆయన 1928లో లండన్ వెళ్లారు, బెర్నార్డ్ షాను కలిశారు, నిజమే. అప్పటికాయనకు నలభై ఎనిమిదేళ్లు. రుస్తుం పాతబడిపోయాడు. కోలాచలంవారు పోయి తొమ్మిదేళ్లు, మామగారు పోయి పదహారేళ్లు. నటన అయిపోయాక పాఠం నేర్చుకున్నాడా? షేక్‌స్పియర్ చదివాడు గదా అంటారు. చదివారు, బళ్లారిలో షేక్‌స్పియర్ క్లబ్బే పెట్టారు. కానీ పద్యాన్ని ఎంతసేపు సాగదియ్యాలో, ఒన్స్‌మోర్‌కు ఎన్నిసార్లు తిరిగి పాడాలో షేక్‌స్పియర్ ఎక్కడా రాయలేదు. ఆ రోగం మన స్టేజిది. దాన్ని ఆయన ఇంట్లోనే చూశారు. మామగారు నాటకంలోకి పాట తెచ్చారు, తర్వాతివాళ్లు పాటలోకి నాటకం ఈడ్చారు. మేనల్లుడు రాగాలాపన తగ్గించి పద్యంలోని మాటను బయటికి తీశారు. తెలుగు, కన్నడం, ఉర్దూ కలగలిసిన బళ్లారిలో ముఖం చూసి అర్థం చేసుకునే ప్రేక్షకుడూ ఆయనకు తోడయ్యాడని నా నమ్మకం. లండన్‌లో ఆయన మెప్పు పొందారు. చదువు ఇక్కడిదే.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కాబట్టి పరుగెడతాను. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని తనతో నిలబెట్టారు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం సినిమాలో దుర్యోధనుడయ్యారు. పోటీగా వచ్చిన ద్రౌపదీ వస్త్రాపహరణమే ఆడింది. రైతుబిడ్డ 1939, చండిక 1940. సినిమా నాకు పెద్దగా పట్టని విషయం.

సినిమా కంటే ఆయన మాటకు దగ్గరైంది రేడియో. అది 1938లో మద్రాసుకు, 1948లో బెజవాడకు, 1963లో కడపకు వచ్చింది. తెరలు లేవు, కిరీటాలు లేవు, మైకు ముందు మాట తప్ప దిక్కులేదు. రాఘవగారు కోరిందదే, బెజవాడకూ కడపకూ ఆయన పోయాకే వచ్చింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ వచ్చాక ముఖమూ దగ్గరైంది.

చీటీ వచ్చింది. ఒక్క మనవి. ధర్మవరంలో సారంగధరను రెండు రాత్రులు ఆడించండి, ఒక రాత్రి మామ పద్ధతిలో, మరో రాత్రి మేనల్లుడి పద్ధతిలో. నా తగువు తీర్చడానికి పండితులు అక్కర్లేదు. ఏ రాత్రి జనం కదలకుండా కూర్చుంటారో చూద్దాం.